ఛీ లిస్టు

కొనడం చేతకానివాళ్ళని చూస్తే నాకు జాలి కలగదు, ఒళ్ళు మండుతుంది. ఆ మాట ముందే చెప్పేస్తే మంచిది.

నేను ఆల్బములు చేస్తాను. ఫోటోలు తెచ్చిస్తే కంప్యూటర్లో పేజీలు కూర్చి, కింది అంతస్తులో ఉన్న ఫోటో ల్యాబులో అచ్చు వేయించి, అట్ట కట్టించి ఇస్తాను. పెళ్ళి, పసిపిల్ల మొదటి ఏడాది, రిటైర్మెంటు, పోయినవాళ్ళ జ్ఞాపకం, ఏదైనా సరే. ఈ పనికి కావలసిన సరుకంతా ఇంటర్నెట్లోనే దొరుకుతుంది. కాగితం కాని కాగితాలు, ముడి వేయడానికి వీల్లేని రిబ్బన్లు, పట్టుకుంటే చేతికి తగలని గుండీలు, పూలు, లేసులు, అన్నీ పేజీల మీద అలంకరణకి పెట్టే కంప్యూటర్ బొమ్మలే. ఒకే రంగుల వరసలో పాతిక ముప్పై బొమ్మలు కట్టగట్టి అమ్మితే దాన్ని కిట్ అంటారు. నేను సరుకు తెచ్చుకునే సైటులో అలాంటి కిట్లు లక్షకి పైనే ఉన్నాయి. వాటిలో తొంభై వేలు పుట్టకుండా ఉండాల్సింది.

ఈ పని చేసే ఆడవాళ్ళు మా ఊళ్ళో ఇంకో పదిమంది ఉన్నారు. వాళ్ళు సరుకు కొనే తీరు చూడాలి. "అబ్బ, ఎంత ముద్దుగా ఉందో!" అనడం, కొనేయడం. తీరా పెళ్ళి ఆల్బము మొదలుపెట్టే రోజున చూసుకుంటే కంప్యూటర్లో నాలుగు వందల సీతాకోకచిలుకలు ఉంటాయి, ఒక్క తెల్ల లేసు ఉండదు. వాళ్ళలో ఒకావిడ ఒకే కిట్టుని మూడుసార్లు కొంది. మూడోసారి కూడా అది కొత్తదే అనుకుని నాకు చూపించింది.

నెలకోసారి లైబ్రరీ గదిలో వీళ్ళందరికీ పాఠం చెప్తాను. నా పాఠం ఒక్కటే. చూడగానే కొనకండి, విష్ లిస్టులో పెట్టండి. చేతిలో ఉన్న ఒక్కో పనికీ ఒక్కో లిస్టు. "ఎర్రవి", "పూలవి" అని పేర్లు పెట్టకూడదు, "ఫలానావాళ్ళ పాప ఆల్బము" అని పెట్టాలి. లిస్టుకి పన్నెండు దాటకూడదు. ప్రతి వస్తువు కింద నోట్ రాసుకునే చోటు ఉంటుంది, అక్కడ ఇది ఏ పేజీకో రాయాలి. పేజీ ఏదో చెప్పలేకపోతే ఆ వస్తువు మీకు అక్కర్లేదన్నమాట. వారం ఆగి మళ్ళీ చూడాలి. అప్పటికీ కావాలనిపిస్తే అవసరం, అనిపించకపోతే కక్కుర్తి. ఇంతే కదా? ఇందులో అర్థం కానిది ఏముంది? వాళ్ళు తలలూపి, పుస్తకాల్లో రాసుకుని, మర్నెలకి "నాకు నచ్చినవి" అని ఒకే ఒక్క లిస్టు చేసి, అందులో మూడు వందలు పోగేసుకుని వస్తారు. చెవిటివాడి ముందు శంఖం ఊదడం ఎలా ఉంటుందో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలీదు.

వాళ్ళకి చెప్పని లిస్టు ఒకటుంది నాకు. దాని పేరు ఛీ.

దాని సంగతి ఇది. కిట్టు పైబొమ్మ చూసి మోసపోతాం. తెరిచి చూస్తే లోపల దరిద్రం. పది నిమిషాలు దండగ. ఆరు నెలల తర్వాత అదే పైబొమ్మ మళ్ళీ కనపడుతుంది, మళ్ళీ మోసపోతాం. అది చూసేశానని గుర్తు పెట్టుకోవడానికి ఆ సైటులో ఒకటే దారి, గుండె బొమ్మ నొక్కి లిస్టులో పెట్టుకోవడం. ఉమ్మేసే బొమ్మ వాళ్ళు పెట్టలేదు. అందుకని నాకు అసహ్యం వేసిన ప్రతిదానికీ గుండె నొక్కి ఛీలో పడేస్తాను. కింద నోట్లో ఎందుకు ఛీయో నాలుగు ముక్కలు రాస్తాను. ఆ లిస్టూ నోట్లూ నాకు తప్ప ఇంకెవరికీ కనపడవు.

ఛీలో రెండు వందల పైచిలుకు ఉన్నాయి. అందులో అరవై ఒకటి ఒకే దుకాణానివి. దుకాణం పేరు తూనీగ. ఎవరో ఏమిటో వివరాలు లేవు, ఒక తూనీగ బొమ్మ ఉంది, దానికి కూడా రెక్కలు మూడే. ఇంత పట్టుదలగా చెడగొట్టేవాళ్ళని నేను ఎక్కడా చూడలేదు. తూనీగ కొత్త కిట్టు పెట్టగానే నాకు కబురు వచ్చేలా ఏర్పాటు చేసుకున్నాను. ఎందుకంటే, సాయంత్రం నాలుగింటికి ల్యాబాయన టీ పట్టుకుని పైకి వస్తాడు. ఆయనా నేనూ దాన్ని తెరుస్తాం. నేను నోట్ రాస్తూ పైకి చదువుతాను, ఆయన టీ ఒలకబోసుకుంటూ నవ్వుతాడు. వాన కిట్టుకి, "ఈ గొడుగు పట్టుకున్నవాడు తప్ప ఊళ్ళో ఇంకెవరూ తడవరు." పసిపాపల కిట్టుకి, "ఏనుగుకి జ్వరం, ఎవరైనా డాక్టర్ని పిలవండి." సముద్రం కిట్టుకి, "నీలం మీద నీలం మీద నీలం, శవం తేలాక చెప్పండి." ల్యాబాయనకి తనదంటూ ఒక అభిరుచి లేదు. నాది అరువు తెచ్చుకుని నవ్వుతాడు. అయినా రెండేళ్ళుగా మా టీ వేళ అలా సుఖంగా గడిచింది.

ఇప్పుడు మా తోడికోడలు సంగతి చెప్పాలి. ఆమె గురించి చెప్పడానికి ఏమీ లేదని పద్నాలుగేళ్ళుగా అనుకుంటూ వచ్చాను. ఆసుపత్రిలో పేర్లు నమోదు చేసే కౌంటరులో పని. పేరు, వయసు, బాధ ఏమిటి, అటు వెళ్ళి కూర్చోండి. పొద్దున్నుంచీ ఇదే. మా మరిది వ్యాపారాలు మొదలుపెట్టడంలో దిట్ట, నడపడం మాత్రం ఇంకెవరైనా చేయాలి. ఆ ఇంట్లో ఇద్దరు పిల్లల చదువూ, అద్దె, వంట అన్నీ ఆమె ఉద్యోగం మీదే నడుస్తాయి. నోట్లో నాలుక లేని మనిషి. ఎవరేం చెప్పినా "అవునక్కా" అంటుంది. అలాంటివాళ్ళని చూస్తే మంచివాళ్ళు అంటారు లోకులు. నాకైతే ఉప్పు వేయని కూర గుర్తొచ్చేది.

ఒక శనివారం మధ్యాహ్నం ఆమె నా గదికి వచ్చింది. ఎప్పుడూ రాదు. చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని స్టూలు అంచున కూర్చుంది.

"అక్కా, ఒక ఉత్తరం చూసిపెడతారా? మీకైతే భాష బాగా వచ్చు."

తీసుకుని చూశాను. ఉద్యోగానికి రాజీనామా.

"నీకేమన్నా మతి పోయిందా?" అన్నాను. "మా మరిది మళ్ళీ ఏదైనా మొదలుపెట్టాడా?"

"ఆయనకి తెలీదక్కా. ఎవరికీ తెలీదు. రెండేళ్ళ నుంచీ ఒక పని చేస్తున్నాను. మీరు ఈ లైన్లోనే ఉన్నారు కాబట్టి, మొదట మీకే చెప్పాలని."

ఫోను తీసి నా ముందు పెట్టింది. తెర మీద మూడు రెక్కల తూనీగ.

ఆ క్షణంలో నాకు వచ్చింది నవ్వు. దాచడం ఎందుకు? పెదవి కొరుక్కుని, కళ్ళజోడు తుడుచుకునే మిషతో తల వంచుకున్నాను.

"అమ్మకాలు పెద్దగా లేవక్కా," అంది. "రెండేళ్ళలో పంతొమ్మిది. కానీ ఒకావిడ ఉంది."

"ఎవరావిడ?"

"తెలీదు. గుండె ఎంతమంది నొక్కారో సైటు చూపిస్తుంది గానీ, ఎవరు నొక్కారో చూపించదు. నేను ఏ కిట్టు పెట్టినా సరే, ఒకటీ రెండు రోజుల్లో ఒక గుండె పడుతుంది. అరవై ఒకటి పెట్టాను. అరవై ఒక్కదానికీ పడింది. అదీ సాయంత్రం నాలుగూ నాలుగున్నర మధ్యలోనే. ఆవిడా ఎక్కడో ఉద్యోగం చేసుకుంటూ, టీ వేళకి చూసుకుంటుందనుకుంటా. నాకూ ఆ టైముకి కౌంటర్లో జనం తగ్గుతారు. ఫోను తీసి చూసుకుంటాను."

"అంత నచ్చితే కొనదేం మరి?" నా గొంతు నాకే వింతగా వినపడింది.

"చేతిలో డబ్బు ఆడదేమో పాపం. అందుకే ధరలు తగ్గించాను. ఒకటైతే ఊరికే పెట్టాను, ఆవిడ కోసమే. పడవ కిట్టు. అయినా తీసుకోలేదక్కా, గుండె మాత్రం నొక్కింది. మొహమాటం మనిషి అయ్యుంటుంది."

పడవ కిట్టు కింద నేను రాసిన నోట్ నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఊరికే ఇచ్చినా మోత కూలి దండగ."

"ఒక్కరికి ఇంత నచ్చినప్పుడు, ఇంకా చూడనివాళ్ళు ఎంతమందికి నచ్చుతాయో కదక్కా. ఇప్పుడు ఇంటికెళ్ళి వంటయ్యాక ఓ గంట కూర్చుంటున్నాను, అంతే. రోజంతా కూర్చుంటే ఇంకా బాగా చేస్తాను. సోమవారం ఈ ఉత్తరం ఇచ్చేద్దామనుకుంటున్నాను."

పద్నాలుగేళ్ళలో ఆమె ఒక్కసారిగా ఇన్ని మాటలు మాట్లాడటం నేను వినలేదు. మొహం కొంచెం ఎర్రబడింది. ఉత్తరం ఇక్కడే ఉంచమనీ, భాష సరిచేస్తాననీ, రేపు సాయంత్రం వచ్చి తీసుకోమనీ చెప్పి పంపేశాను. ఆమె మెట్లు దిగి వెళ్ళగానే నేనూ దిగి ల్యాబులోకి పరిగెత్తాను. ఇంత కబురు కడుపులో దాచుకోవడం నావల్ల అయ్యే పని కాదు.

ల్యాబాయన నవ్విన నవ్వుకి కట్టర్ దగ్గర పనివాళ్ళు పని ఆపి చూశారు. కుర్చీలో వెనక్కి పడి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ మొదలుపెట్టాడు.

"చెప్పకండి మేడమ్! దండం పెడతాను, చెప్పకండి. సోమవారం ఇచ్చేయనివ్వండి. ఉద్యోగం మానేసి కూర్చుందంటే వారానికి నాలుగు కిట్లు దింపుతుంది. మన టీకి లోటుండదు."

"ఆ ఇల్లు దాని జీతం మీద నడుస్తోందయ్యా."

"అయితే మనకేంటి?"

ఎద్దు పుండు కాకికి నొప్పా అని ఊరికే అనలేదు. నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. మా ఇంటి మనిషిని పట్టుకుని ఇలా పళ్ళికిలించడానికి వీడెవడు? అచ్చు యంత్రంలో కాగితం తిన్నగా పెట్టడం రాదు, బొమ్మల్ని చూసి నవ్వడానికి వచ్చాడు. తిట్టేద్దామని నోరు తెరిచి, మూసుకున్నాను. ఆయన నవ్వుతున్నదంతా నా మాటలకే. రెండేళ్ళుగా టీతో పాటు అలవాటు చేసింది నేనే. పైకి వచ్చేశాను.

ఆదివారం పొద్దున్న ఛీ తెరిచి, తూనీగ నోట్లు ఒక్కొక్కటే చెరిపేయడం మొదలుపెట్టాను. నాలుగు చెరిపాక చెయ్యి ఆగిపోయింది. దొంగతనం చేసి వేలిముద్రలు తుడుచుకుంటున్నట్టు అనిపించింది. అసలు నా పేరు రాకుండానే పని జరిగితే ఇవెవరు చూస్తారు? ఉద్యోగం మానకని గట్టిగా చెప్తాను, ఎవరేం చెప్పినా అవునక్కా అనే మనిషి ఇప్పుడూ అంటుంది, అక్కడికి సరిపోతుంది. అలా లెక్కవేసుకుని కూర్చున్నాను.

సాయంత్రం వచ్చింది. ఉత్తరం చేతికిచ్చాను.

"భాష బాగానే ఉంది. కానీ ఇది ఇవ్వకు. పిల్లలున్నవాళ్ళు చేసే పని కాదు. ఊరూ పేరూ తెలియని ఒక్క మనిషిని నమ్ముకుని ఉద్యోగం ఎవరైనా వదులుకుంటారా?"

"మీరు చెప్పింది నిజమే. కానీ ఆ ఒక్క మనిషీ చాలక్కా నాకు," అంది.

అవునక్కా అనలేదు.

"ఆ మనిషి మాట మర్చిపో."

"ఎలా మర్చిపోతానక్కా? రెండేళ్ళ నుంచీ పొద్దున్న లేచి ఆ కౌంటరుకి వెళ్తున్నానంటే ఆవిడ వల్లే."

ఇక వేరే దారి లేదు. "ఆ మనిషి నేనే," అన్నాను.

ఆమె మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది. ఇది నేను అస్సలు అనుకోలేదు. ఏడుస్తుందనుకున్నాను, కోప్పడుతుందనుకున్నాను, చివరికి నమ్మకపోవచ్చని కూడా అనుకున్నాను. ఆమె స్టూలు మీంచి లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"మీరా అక్కా! మీరా! నాకనిపిస్తూనే ఉండేది, ఎవరో పెద్ద మనసున్నవాళ్ళని. మీరు అసలు ఏదీ తొందరగా మెచ్చుకోరు కదా, అందరూ అంటారు. అలాంటిది నావి అన్నీ..."

నా జన్మలో ఎవరూ నన్ను అలా చూడలేదు. ఆ చూపు చూస్తూ మిగతాది చెప్పడానికి నోరు రాలేదు. చేతులు విడిపించుకుని, తెర ఆమె వైపు తిప్పాను. పైన పెద్ద అక్షరాల్లో ఛీ అని ఉంది. దాని కింద ఆమె కిట్లు వరసగా, ఒక్కోదాని కింద నా నోట్.

స్టూలు దగ్గరికి లాక్కుని చదవడం మొదలుపెట్టింది. వద్దని చెప్తే వినలేదు. ఒక్కటీ వదలకుండా, కౌంటర్లో చీటీలు చూసినట్టే పై నుంచి కిందికి చదివింది. గొడుగు దగ్గర ఆగి, "ఇది నిజమే. పిడి పక్కకి జరిగిపోయింది," అంది. ఏనుగు దగ్గర కొంచెం నవ్వింది కూడా. నేను చెరిపేసిన నాలుగింటి దగ్గరికి వచ్చి, "వీటికేం రాయలేదేం?" అని అడిగింది. రాశాను, తీసేశాను అన్నాను. "ఓహో," అని కిందికి జరిపింది. పడవ దగ్గర మాత్రం చాలాసేపు కదల్లేదు. ఆ నోట్ ఒక్క ముక్కే. అంతసేపు చదవడానికి అందులో ఏమీ లేదు.

అంతా అయ్యాక చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"ఇవి రాస్తున్నప్పుడు మీకు సరదాగా ఉండేదా అక్కా?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేదు. "ఉండేది," అన్నాను.

"సరిగ్గా ఆ టైముకే నాకూ సరదాగా ఉండేది," అంది.

అందులో దెప్పిపొడుపు లేదు. ఉంటే బాగుండేది, తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని. నాకు సిగ్గేసింది. లైబ్రరీ గదిలో పదిమందిని నిలబెట్టి కడిగేసే నాకు, ఉప్పులేని కూర అనుకున్న మనిషి ముందు కూర్చోవడానికి సిగ్గేసింది. నా మీద నాకు కలిగిన ఆ అసహ్యం ఏ కిట్టు మీదా కలగలేదు.

ఆమె ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి సంచీలో వేసుకుంది. "రేపు ఏడింటికల్లా డ్యూటీలో ఉండాలి. వస్తానక్కా," అని లేచింది.

"ఆగు. ఇవన్నీ ఇప్పుడే తీసేస్తాను, నీ ముందే," అని మౌసు పట్టుకున్నాను.

"తీయకండి," అంది. గబుక్కున వచ్చి నా మణికట్టు పట్టుకుంది. పట్టు గట్టిగా ఉంది. "అవి తీసేస్తే సున్నా అయిపోతుందక్కా. దుకాణానికి వచ్చినవాళ్ళకి అదే కనపడుతుంది. సున్నా ఉన్నదాన్ని ఎవరూ తెరిచి కూడా చూడరు. ఒకటి ఉంటే, ఎవరికో నచ్చిందనుకుంటారు. ఉండనివ్వండి. మీకేం కష్టం కాదుగా?"

కాదన్నాను. ఆమె చెప్పులు వేసుకుని మెట్లు దిగింది.

నేను కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఒక్కటైనా బాగుందని అరిచి చెప్పాలి, ఆమె వినపడేంత దూరంలో ఉండగానే. అబద్ధం చెప్తే పట్టేస్తుంది, నా నోట్లు అన్నీ చదివిన మనిషి. అందుకని నిజంగా బాగున్నది ఒకటి కావాలి. అరవై ఒక్కటీ నాకు కంఠతా వచ్చు. వాన, పాపలు, సముద్రం, పడవ, తోట, బడి, ఒక్కొక్కటే మనసులో తెరిచాను. ఎక్కడో ఒక గుండీ, ఒక ఆకు, ఒక మంచి ఎరుపు దొరికినా చాలు. ఆమె రోడ్డు దాటి, మందుల షాపు పక్కగా నడిచి, మలుపు తిరిగిపోయేదాకా వెతుకుతూనే ఉన్నాను.